వీధంతా మూత తీసిన కుక్కర్

ఆ రోజు అలసందలు ఉడకకపోవడానికి మా వీధే కారణం. కుక్కర్‌ను ఏమైనా అంటే నేను ఒప్పుకోను.

ఆదోనిలో ఉండే మా కూతురు దాన్ని తెచ్చి ఎమ్మిగనూరులో మా వంటింట్లో పెట్టింది. లోపల మట్టికుండ లాంటి బరువైన గిన్నె, పైన అద్దం మూత, ముందర తిప్పే మర. కరెంటు మీద నిదానంగా ఉడికించే స్లో కుక్కర్ అంటారట. మా ఆయనను మాంసం, గుడ్లు, నూనె తగ్గించి గింజలు, కూరగాయలు తినమని డాక్టరు చెప్పాడు. ఆయన వింటేగా! గుంట మగ్గంలో కూర్చుని కాళ్లతో తొక్కుతూ నేసేవాడు ఆకూ అలమూ తింటే కాళ్లు ఆడవంటాడు.

"దీంట్లో నిదానంగా ఉడికితే నాయనే అడిగి తింటాడు సూడుమా" అంది కూతురు. "పొద్దున పెట్టి నీ పని నువ్వు జూసుకో. మూత మాత్రం తీయగాకు. తీసినపుడల్లా లోపలి వేడంతా పోతాది. మళ్లీ అర్ధగంట ఎక్కువ పడతాది."

దాంతో వచ్చిన కాగితంలో తెలుగు లేదు. నేను అక్షరాలు నేర్చుకున్నదే యాభై దాటాక, రాత్రి బడిలో. ఇంగ్లీషు జోలికి నన్ను లాగొద్దన్నాను. కూతురు మర పక్కన 'తక్కువ', 'ఎక్కువ' అని తెలుగులో రాసి అంటించి పోయింది.

మా ఇద్దరికీ రెండు పూటలు వండాను. ఆయన గిన్నె తుడిచి తిన్నాడు. ఎట్లుందని అడిగితే "ఉంది" అన్నాడు. అంతకంటే మంచి మాట ఆయన నోట పెళ్లినాడు కూడా రాలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చింది. పడుగుకు గంజి పట్టే రోజు వంట కూడా దీంట్లోనే అన్నాను.

ఆ రోజు వంటంటే మాటలు కాదు. చీర నేయాలంటే ముందు పడుగు, అంటే నిలువు దారాలన్నీ, వీధి పొడవునా సాచి కట్టి గంజి పట్టించాలి. ఎండ ముదరకముందే కుంచెలతో దువ్వాలి. ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. వీధిలో వాళ్లంతా వచ్చి చేయి వేస్తారు. కూలి లేదు, పని అయ్యాక కడుపునిండా తిండి పెట్టాలి, అంతే. గుడ్ల పులుసు పెట్టడం మా వీధి మర్యాద. తిండి బాగాలేని ఇంటికి మరుసటిసారి జనం పొద్దెక్కి వస్తారు. అప్పటికి గంజి ఎండి దారాలు అతుక్కుంటాయి. పడుగు పాడైతే మగ్గం ఖాళీ.

అందుకే మా ఆయన ఎగిరిపడ్డాడు. "పనికొచ్చినోళ్లకు అలసందలు పెడతావా మే? మళ్లీ మన పడుగుకు యెవడొస్తాడు?"

"నువ్వు తినగా లేనిది వాళ్లు తినరా?" అన్నాను.

రాత్రి నానబెట్టిన అలసందలు, వంకాయలు, ఉల్లిగడ్డలు, వెల్లుల్లి, కారం అన్నీ కోడి కూయకముందే కుక్కర్‌లో వేసి, మర 'ఎక్కువ' మీద పెట్టి, వీధిలోకి పోయాను. అతుక్కున్న దారాలు విడదీసే పని నాది. చేతులనిండా గంజి. మధ్యలో కదలడానికి లేదు.

మా వీధిలో ఒక అలవాటు ఉంది. ఎవరింట్లోకి ఎందుకు పోయినా, ముందు వంటింట్లో గిన్నె మూత తీసి చూడాలి. చూడకుండా వస్తే ఆ ఇల్లాలికి కోపం. మా కూర కంటికి ఆనలేదా అని దెప్పుతుంది. నేనూ చాలామందిని దెప్పినదాన్నే. ఆ సంగతి ఆ పొద్దు నాకు గుర్తే రాలేదు.

మా ఆడబిడ్డ నీళ్లు తాగడానికి లోపలికి పోయి వచ్చింది. "వదినా, పొయ్యి ఎలిగించనే లేదే? ఆ మూల ఏందో ఉంటే మూత తీసి సూసినా. గింజ గట్టిగా ఉండాది."

"ఎందుకు తీస్తివే!"

"తీయకుంటే ఎట్ల తెలుస్తాది? ఊరికే పెట్టలేదులే, బాగా కలిపి పెట్టినా."

నాకు ఒళ్లు మండింది. వీధి చివరిదాకా వినపడేటట్టు అరిచాను. "ఆ కుక్కర్ మూత యెవురూ తీయగాకండి!"

అంతవరకు మా ఇంట్లో కుక్కర్ ఉందని సగం మందికి తెలియదు. అప్పటినుంచి వీధి వీధికంతా దప్పిక పట్టుకుంది. ఒకరి తరువాత ఒకరు నీళ్లకని లోపలికి పోయారు. నోరు తుడుచుకుంటూ వచ్చి, ఏమీ ఎరగనట్టు కుంచె పట్టుకున్నారు. ఎదురింటి పెద్దామె మాత్రం దాచలేదు. "సప్పగా ఉంటే చింతపండు పిసికి పోసినా మే. నీకు వయసైపోయె, మరిసిపోతాండావు."

పులుపు పడితే గింజ బిగుసుకుపోతుంది. చింతపండు దించే ముందే పోయాలని నేను ఆగాను. కరెంటు మీద తోసేద్దామంటే ఆ పొద్దు కరెంటు ఒక్కసారీ పోలేదు.

పని అయింది. అందరూ వరసగా కూర్చున్నారు. జొన్నరొట్టెల పక్కన కూర వడ్డించాను. ఒకాయన ఒక గింజ కొరికి, తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. "అక్కా, ఇవి తినేటివా, ఆడేటివా?"

అందరూ నవ్వారు. "కరెంటు కుండలో వంటంటే ఇట్లనే ఉంటాది" అంది మా ఆడబిడ్డ.

మా ఆయన వైపు చూశాను. దెప్పడానికి ఆయనకు ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఆయన చేయి కడుక్కుని లేచి నిలబడ్డాడు.

"కుండనేమీ అనొద్దండి. నేను రెండు పూటలు తింటి. వెన్నలాగుండె. మూత తీసినోళ్లంతా చెయ్యెత్తండప్పా."

మొదట పెద్దామె ఎత్తింది. తరువాత ఒక్కొక్కటే లేచాయి. తినే చేతులు, గంజి ఆరిన చేతులు. ఎత్తని చేయి నాదొక్కటే.

వాళ్లకు చెనిక్కాయల చట్నీతో రొట్టెలు పెట్టి పంపాను. "సాయంత్రం రండి, కూర పెట్టకుంటే అడగండి" అన్నాను. పుల్లనీళ్లు వంచేసి, మంచినీళ్లు పోసి, మళ్లీ పెట్టి, వంటింటి గడపకు అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాను. దాహమన్నవాళ్లకు చెంబు బయటికే అందించాను.

దీపాలు పెట్టే వేళకు గింజ వేళ్ల మధ్య మెదిగింది. ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుని వచ్చారు. కుక్కర్ అడుగు కనిపించేదాకా తిన్నారు. "నా చింతపండు పడబట్టే ఈ రుచి" అంది పెద్దామె. మా ఆయన నా వైపు చూసి నవ్వు ఆపుకోలేక తలుపు చాటుకు పోయాడు.

మా తరువాతి పడుగుకు జనం వస్తారో రారో అని ఆయనకంటే నాకే దిగులు పట్టుకుంది. చీకటితోనే వచ్చేశారు, పిలవనివాళ్లతో సహా. కళ్లు చెమర్చాయి. రండి రండి అని ఎదురు పోయాను. వాళ్లు పడుగు వైపు తిరిగి కూడా చూడకుండా, నన్ను దాటుకుని నేరుగా వంటింట్లోకి పోయారు.