కడుపునొప్పి అంజినప్ప

రాయచెర్లు అంజినప్పకు ఊళ్లో రెండు పేర్లు నడిచాయి. మొదట చాలా కాలం సినిమా అంజినప్ప. ఆ తర్వాత బతికినన్నాళ్లూ కడుపునొప్పి అంజినప్ప. మొదటిది కోరి తెచ్చుకున్న పేరు. రెండోది ఒక సినిమా రెండో భాగం తెచ్చిపెట్టిన పేరు.

సినిమా పిచ్చి అతనికి అక్షరాలతో పాటే పట్టింది. కన్నడ రాష్ట్రంలో చేరిన పావగడ తాలూకాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అంజినప్ప బడిలో నేర్చిన నాలుగు కన్నడం ముక్కలూ బడిలోనే వదిలేసి గొర్రెల వెంట పోయాడు. తెలుగు మాత్రం పావగడ బస్టాండు గోడల మీది వాల్‌పోస్టర్లు చూసి నేర్చుకున్నాడు. హీరో మొహాన్ని బట్టి సినిమా పేరు ఊహించడం, ఆ పేరును బట్టి అక్షరాలు పోల్చుకోవడం. అందుకే మూరెడేసి అక్షరాలైతే గడగడా చదివేవాడు, చిన్న అక్షరాలు కనబడితే నీళ్లు నమిలేవాడు.

ఆ మాత్రం చదువుకే దొడ్డయ్య ముచ్చటపడ్డాడు. వానలు వెనకబడ్డ ఏడు ఆంజనేయస్వామి గుడిలో తొమ్మిది రోజులు పురాణం చదివే పెద్దాయన దొడ్డయ్య. ఆయన పద్యం చదివితే పక్కన కూర్చున్నవాడు దానికి అర్థం చెప్పాలి. అది ఆనవాయితీ. చివరిరోజు సాయంత్రం, శత్రువులు తోలుకుపోయిన ఆవులమందను మళ్లించుకొచ్చే ఘట్టం వస్తుంది. ఆవులు మళ్లితే మబ్బులూ మళ్లుతాయని ఊరి నమ్మకం. అర్థం చెప్పే ముసలాయన కాలం చేసినాక దొడ్డయ్య అంజినప్పను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇక చూడాలి. అంజినప్ప అర్థం చెబుతుంటే గుర్రాల డెక్కలు టకటకలాడేవి, బాణాలు జుయ్యిమనేవి, అన్నీ అతని నోట్లోంచే.

"పురాణాన్ని సినిమా చేస్తాండావు కదప్పా" అని దొడ్డయ్య నవ్వేవాడే తప్ప కసిరింది లేదు.

ఎనభై అయిదో సంవత్సరంలో మృగశిర పోయింది, ఆరుద్ర సగమైంది, చినుకు లేదు. గుడిలో పురాణం పెట్టారు. సరిగ్గా దాని చివరి రోజునే, ఊరూరా తిరిగి సినిమాలు ఆడించే టెంటు మారన్న గుడి వెనక బీడులో డేరా వేసి 'మబ్బులదొర' అనే సినిమా దించాడు. గొర్రెల కాపరి ఒకడు బోడికొండ ఎక్కి, మబ్బును తిట్టి, బెదిరించి, బతిమాలి నేలకు దింపే కథ. తక్కిన అన్ని ఊళ్లలోనూ ఆ సినిమా మూడో రోజుకే మూట కట్టేసింది. ఆ సంగతి రాయచెర్లుకు తెలియదు.

మొదటి ఆట, ఆవులు మళ్లే ఘట్టం, రెండూ ఒకే వేళకు పడ్డాయి. డేరాలో పాట మొదలవగానే గుడిలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే దులుపుకుని లేచారు. అంజినప్ప కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకున్నాడు.

"తాతా, కడుపునొప్పి. నిలబడనీకుండా ఉండాది."

"పో నాయనా, పో. తిప్పమ్మను జీలకర్ర నీళ్లు కాచియ్యమను" అన్నాడు దొడ్డయ్య.

అంజినప్ప ఇంటిదాకా పోయి, పెళ్లాం తిప్పమ్మ కాచిచ్చిన జీలకర్ర నీళ్లు కూడా తాగి, పెరటి దారిన డేరాలో దూరాడు. అబద్ధమాడినా పద్ధతిగా ఆడే మనిషి.

తెర మీద హీరో కొండెక్కి "దిగి రా!" అని అరిచాడు. వాన దిగింది. ఫైరింజన్ పైపుతో కొట్టిన వాన, వెనక ఎండ కూడా కనిపిస్తోంది. అంజినప్ప రెండు వేళ్లు నోట్లో పెట్టి వేసిన ఈల ఇంకా ఆగలేదు, డేరా మీద టపటపమని అసలు వాన మొదలైంది. జనం వెర్రెత్తిపోయారు. ఆడవాళ్లు తెరకు దండం పెట్టారు. తడిసిన డేరా కూలి మీద పడుతున్నా ఎవరూ కదల్లేదు.

ఆ వేళ గుడిలో దొడ్డయ్య ఒక్కడే ఉన్నాడు. పద్యం ఆయనే చదివి, అర్థం ఆయనే చెప్పుకుని, ఆవులను ఆయనే మళ్లించాడు. మర్నాడు దారిలో కనబడి "నొప్పి తగ్గిందా?" అని అడిగాడు. "తగ్గింది తాతా" అన్నాడు అంజినప్ప.

ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది. వాన తెచ్చింది సినిమా. ఆ రోజు ఆవులు మళ్లే రోజు కూడా అని గుర్తు చేయాల్సినవాడు అర్థం చెప్పే అంజినప్ప. చేస్తే, మరి నువ్వు గుడిలో లేవేమని అడుగుతారు. అందుకని ఊరుకున్నాడు. అది తెలివి కాదు, పిరికితనం. ఊరుకుని ఊరుకుని, చివరికి తనూ సినిమాయే తెచ్చిందనడం మొదలుపెట్టాడు.

అక్కడితో పురాణం మూలపడింది. వాన వెనకబడిన ఏడల్లా మారన్న 'మబ్బులదొర' రీళ్లు తెచ్చేవాడు. చుట్టుపక్కల పల్లెలవాళ్లు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. వాన సీను రాగానే నరసక్క అనే పెద్దముత్తైదువ తెరకు కర్పూరహారతి ఇచ్చేది. వాన పడితే సినిమా మహిమ. పడకపోతే రీలు తెగిపోయిందనేవాళ్లు. నమ్మదలచుకున్నవాడికి సాకులకేం కరువు? దొడ్డయ్య పుస్తకాన్ని ఎర్రగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. విత్తనాలకు వేరుశనగ కాయలు ఒలిచే చోట అంజినప్ప ఆ సినిమా కథ మొదటినుంచి చివరిదాకా డైలాగులతో సహా చెబుతుంటే, బొటనవేళ్లు బొబ్బలెక్కిన ఆడవాళ్లు నొప్పి మరిచి ఒలిచేవాళ్లు. సినిమా అంజినప్ప అయింది అప్పుడే.

తొంభై రెండులో పావగడ గోడ మీద కొత్త పోస్టరు పడింది. 'మళ్లీ వచ్చిన మబ్బులదొర'. రెండో భాగం! అంజినప్ప పోస్టరు ముందు అలాగే నిలబడిపోయి ఊరి బస్సు పోగొట్టుకున్నాడు.

ఆ ఏడు కూడా చినుకు లేదు. ఇద్దరు ముగ్గురు పెద్దలు, ఈసారన్నా గుడిలో పురాణం పెట్టిద్దామా అన్నారు. అంజినప్ప అడ్డం పడ్డాడు.

"మొదటి భాగమే డేరా కూలేటంత వాన తెచ్చె. రెండో భాగానికి చెరువే తెగతాది. నా మాట నమ్మి విత్తనాలు ఒలిపించుకోండప్పా, పడినంక ఒలిపించుకునేకి టైం ఉండదు" అన్నాడు.

ఊరు నమ్మింది. ఒలిచిన విత్తనం ఎక్కువ రోజులు నిలవదు, పురుగు పడుతుంది, మొలక చస్తుంది. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసీ ఇంటింటా ఒలిచారు. పురాణం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సినిమా దిగిన సాయంత్రం డేరాకు మామిడాకులు కట్టారు. అంజినప్ప ఉత్సాహం పట్టలేక దొడ్డయ్య ఇంటికి పోయి, "తాతా, టెంకాయ నీ చేత్తోనే కొట్టల్ల" అని పిలుచుకొచ్చాడు. డెబ్బై దాటిన ముసలాయన వచ్చి టెంకాయ కొట్టి, ముందు వరసలో నేల మీద కూర్చున్నాడు.

ఆట మొదలైంది. మబ్బులదొర నల్లకళ్లద్దాలు పెట్టుకుని కారు దిగాడు. గొర్రెలు లేవు, బోడికొండ లేదు. పట్నంలో దొంగబంగారం వ్యాపారం చేస్తున్నాడు.

"ఇదేందప్పా?" అని ఎవరో అడిగారు.

"మారువేషం. ఉండండి, ముందర ఉండాది" అన్నాడు అంజినప్ప.

ఇంటర్వెల్ దాకా మారువేషం తీయలేదు. "రెండో సగంలో చూడండి, కొండెక్కుతాడు" అన్నాడు. గొంతులో మాత్రం మునుపటి ధాటి లేదు. హీరో మేడ మెట్లు ఎక్కాడు, విమానం ఎక్కాడు, కొండ ఎక్కలేదు. చివరికి ఎలాగైతేనేం తెర మీద మబ్బు కమ్మింది. "వచ్చె! వచ్చె!" అని అంజినప్ప లేచి నిలబడ్డాడు. నరసక్క హారతి పళ్లెం పట్టుకుని, కర్పూరం వెలిగించి తెర ముందుకు నడిచింది.

వాన పడింది. వానలో హీరోయిన్ పలచని తెల్లచీరతో తడిసి, నడుము తిప్పుతూ పాట అందుకుంది. హీరో వెనకనుంచి వచ్చి వాటేసుకున్నాడు. ఎదురుగా హారతి పట్టుకుని నరసక్క. వెనకనుంచి కుర్రకారు కేకలు. ఆ పెద్దామె ఒక్క క్షణం బిగుసుకుపోయి, కొంగు కొసతో హారతి ఆర్పేసి, ఎవరి మొహమూ చూడకుండా డేరా బయటికి నడిచింది. ఆమె వెనకే ఆడవాళ్లందరూ లేచారు. తిప్పమ్మ కూడా లేచింది. పోతూ పోతూ మొగుడి వైపు చూసిన చూపుకు అంజినప్ప నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుంగిపోయాడు.

"ఏమప్పా సినిమా అంజినప్పా, విత్తనాలు వేంచుకుని తినల్లనా?" అన్నాడు గంగాధరప్ప అనే రైతు. అందులో కోపం కన్నా భయం ఎక్కువ ఉంది. ఇంట్లో ఒలిచిన విత్తనం బస్తాలున్నాయి మరి. మగవాళ్లూ వెళ్లిపోయారు. అంజినప్పకు నేల చీలితే బాగుండుననిపించింది. చీలడానికేం, ఆ ఏడు నేలంతా చీలికలే. ఏ చీలికా అతన్ని మింగలేదు.

ఆట అయిపోయింది. మారన్న తెర విప్పుతున్నాడు. అప్పుడు చూశాడు అంజినప్ప. ముందు వరసలో దొడ్డయ్య ఒక్కడే ఇంకా కూర్చుని ఉన్నాడు.

"నువ్వు పోలేదా తాతా?"

"మొదులుపెట్టిన కథ నడిమధ్యలో లేచిపోకూడదు కదప్పా" అన్నాడు దొడ్డయ్య, మోకాలు పట్టుకుని లేవబోతూ. "అంతా చూసినా. ఏమీ తెలీలేదు. అర్థం చెప్పేవానివి నువ్వే కదా, చెప్పు."

దెప్పడానికి అన్నాడో, మామూలుగానే అన్నాడో. అంజినప్పకు ఏడుపు వచ్చింది. ముసలాయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"తాతా, ఆ పొద్దు నాకు కడుపునొప్పి లేదు."

"తెలుసులేప్పా. నీ ఈల నాకు తెలీదా? గుడిదాకా ఇనబడె."

"మరి ఇన్నేండ్లూ చెప్పలేదే?"

"చెప్తే ఏమొస్తాది? పడిన వాన మళ్ల పైకి పోతాదా?" దొడ్డయ్య అతని భుజం పట్టుకుని లేచాడు. "పుస్తకం అటక మీద ఉండాది. నాకు అందదు. రేపు వచ్చి దించు."

గుడిలో మళ్లీ పురాణం మొదలైంది. వినడానికి వచ్చేవాళ్లు తక్కువ. అర్థం చెప్పేది అంజినప్ప అని తెలిసి కొందరు కావాలనే రాలేదు. అతని నోట్లో ఈసారి గుర్రాలు పరుగెత్తలేదు, బాణాలు జుయ్యిమనలేదు. తలవంచుకుని, ఉన్న అర్థం ఉన్నట్టు చెప్పాడు. చివరిరోజు సాయంత్రం ఆవులు మళ్లుతున్నాయనగా, పెనుకొండ దిక్కునుంచి నల్లగా వచ్చిన మబ్బు ఊరి మీద ఆగి కుమ్మరించింది.

వాన ఎవరి మాటా వినదు, దాని తిక్క దానిది. కానీ ఊరు ఊరుకుంటుందా? జనం తడుస్తూ వీధిలోకి పరుగెత్తారు. టెంటు మారన్న గుడి ముందుకొచ్చి గొంతు చించుకున్నాడు.

"చూసినారా! రెండో భాగం గూడా తెచ్చె! రోంత లేటు, అంతే!"

"నిజమేప్పా! సినిమా మహిమ యాడికి పోతాది!" అన్నాడు గంగాధరప్ప, విత్తనం దక్కిన సంతోషంలో. "అంజినప్పా, నిన్ను ఊరికే అంటిమి. బయటికి రాప్పా!" పడుచువాళ్లు సినిమా అంజినప్పకు జై కొట్టారు.

అంజినప్ప దొడ్డయ్య వైపు చూశాడు. ఆయన పుస్తకం తడవకుండా దాని మీద పంచె కప్పుతున్నాడు, తల ఎత్తలేదు. అంజినప్ప ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే చాలు, పోయిన పరువు పోయినంత వేగంగా తిరిగొస్తుంది. ముసలాయన ఈసారీ ఏమీ అనడు. అనడని తెలియడమే అతన్ని లేపింది. గుడి మెట్ల మీదికి వచ్చి వానలో నిలబడ్డాడు.

"సినిమా తేలేదు. అప్పుడు గూడా తేలేదు. ఆ పొద్దు తాత ఈడ ఒక్కడే కూచోని ఆవుల్ని మళ్లించినాడు. పక్కన ఉండాల్సినోన్ని నేను. కడుపునొప్పి అని అబద్ధం చెప్పి సినిమాకు పోయినా. మీరంతా సినిమా అంటే నేనూ సినిమా అన్నా."

వాన చప్పుడును మించి గుంపులోంచి తిప్పమ్మ గొంతు లేచింది.

"జీలకర్ర నీళ్లు కాచిస్తి కదయ్యా ఆ పొద్దు నీకు! గటగటా తాగితివే!"

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. ఎవరో "కడుపునొప్పి అంజినప్పా!" అని అరిచారు. పేరు అక్కడికక్కడే ఖాయమైపోయింది. చెవులు మండుతుంటే అంజినప్ప మెట్ల మీదే నిలబడ్డాడు. లోపలినుంచి దొడ్డయ్య పిలిచాడు.

"అంజినప్పా, ఇంగా పద్యాలు మిగిలిండాయి. వచ్చి కూచో."

పోయి కూర్చున్నాడు. మంగళం పాడేదాకా లేవలేదు.

ఆ తర్వాత అతనికి నిజంగా కడుపునొప్పి వచ్చినా నమ్మినవాడు లేడు. పెళ్లిళ్లలో, సంతలో, బస్సులో ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. తనూ నవ్వి పలికేవాడు, అలవాటైపోయింది. దొడ్డయ్య ఒక్కడే పోయేదాకా అతన్ని ఉత్త అంజినప్పా అని పిలిచాడు. ఆ పిలుపుకు పలికేటప్పుడు మాత్రం అంజినప్ప ఏనాడూ తల ఎత్తలేదు.