నాన్న లాఠీ ఆపిన చోటు

మా చిన్నప్పుడు... ఓ రోజు పొద్దున్నే నాన్న తలకు నూనె రాసుకుని, దండెం మీది ఉతికిన చొక్కా తీసి వేసుకున్నాడు. షూటింగ్ లేదుగా, ఎక్కడికని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

నాన్న జూనియర్ ఆర్టిస్టు. యూసుఫ్‌గూడలో ఒంటిగది కిరాయి ఇల్లు మాది. మనిషి ఎర్రగా, పిల్లికళ్ళతో ఉండేవాడు. అందుకే స్వాతంత్ర్య పోరాటం సినిమా ఏది తీసినా ఆయనకు తెల్లదొరల పోలీసు వేషమే... సత్యాగ్రహుల్ని లాఠీతో బాదే వేషం.

ఆ రోజు మాకు ఐదో తరగతిలో అదే పాఠం. "ఇయ్యాల పుస్తకాలు ముయ్యుండ్రి, చూసి నేర్చుకుందాం" అంటూ సోషల్ సారు ఒకాయన్ని లోపలికి పిలిచాడు. టీ బడ్డీ దగ్గర పరిచయమట. చూస్తే... చేతిలో లాఠీతో మా నాన్న.

నలుగురు పిల్లల్ని సత్యాగ్రహుల్లా కింద కూర్చోబెట్టాడు. లాఠీ ఎత్తి ఒక్క ఊపున దించి, తలకు సరిగ్గా జానెడు పైన ఆపాడు.

"నేనైతే ఆపిన. వాళ్ళ మీద ఆగలే బిడ్డా... అయినా చెయ్యి అడ్డం పెట్టలే వాళ్ళు" అన్నాడు. ఏ పుస్తకమూ మాకంత బాగా చెప్పలేదు.

పక్కనున్న పిల్ల మెల్లగా, "గాయన మీ నాయననా?" అంది. దేశభక్తుల్ని కొట్టేవాడి కూతురని ఏడిపిస్తారని నా భయం. "కాదు, పక్కింటాయన" అన్నాను. మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చేసింది.

"మీ పిల్లలెవరన్న మా బడిల ఉన్నరా అన్నా?" అని సారు అడిగాడు.

నాన్న నా బెంచీ వైపు చూడలేదు. "లేరు సార్" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ జేబులోంచి పల్లీపట్టీలు తీసి అందరికీ పంచాడు. నా దగ్గరికొచ్చి "తీస్కో పాపా" అన్నాడు... అందరి పిల్లల్నీ 'బిడ్డా' అనే మనిషి, నన్ను మాత్రం పరాయి పిల్లలా 'పాపా' అని.

మళ్ళీ మా బడి గడప తొక్కలేదు. ఇంట్లో ఆ మాటా ఎత్తలేదు. తప్పయిందని నేనూ అనలేదు... రేపు అందాంలే అనుకుంటూనే పెద్దదాన్నైపోయాను. పోయినేడు నాన్న పోయాడు.

ఇప్పుడు నేనే సోషల్ టీచర్ని. ఈ పాఠానికి వీడియో చూపిస్తే చాలంటారు. నేను మాత్రం స్కేలు ఎత్తి ఓ పిల్ల తలకు జానెడు పైన ఆపుతాను. "ఎవరు నేర్పిండ్రు మేడం?" అంటారు పిల్లలు. "మా నాయన" అని గట్టిగా చెప్తాను. వినాల్సిన మనిషే లేడు.

మీ నాన్న మీ బడికొచ్చిన రోజు ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నారా? అయితే ఇక్కడ రాయండి... చదివి, అలా పట్టుకున్న చెయ్యి నాదే అనుకుంటాను.