మూడుసార్లూ ఒకే అంకె

జెద్దాలో మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే, పక్క బల్ల మీద ఎవరో వెనిగర్‌లో ఊరిన ముల్లంగి సీసా మూత తీశారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మస్తాన్ భాయ్ గుర్తొచ్చారు. మా ప్రయోగశాలలో పళ్లను మెత్తబరిచే ఆమ్లానిదీ ఇంచుమించు అదే వాసన.

ఎర్రసముద్రం ఒడ్డుకు చచ్చి కొట్టుకొచ్చిన డాల్ఫిన్ల పళ్లవి. పన్నును పలుచగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పొరలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది, ఏడాదికొక పొర. చనిపోతున్నవి ఎక్కువగా పిల్లలేనని తేలితే, అక్కడ వలలు ఆపించమని అధికారులను అడగాలని మా శాస్త్రవేత్త, ఒక సౌదీ ఆవిడ, ఆశపడుతున్నారు. నాకు పని నేర్పింది కడప నుంచి వచ్చిన సీనియర్ టెక్నీషియన్ మస్తాన్ భాయ్. ప్రతి పన్నునూ వారానికొకసారి చొప్పున మూడుసార్లు చూడాలి, పాత లెక్క చూడకూడదు అనేది ఆయన పట్టు. నాకది వట్టి చాదస్తం.

"ఇవేమన్నా పెళ్లిచూపులా భాయ్, ఇన్నిసార్లు చూడ్డానికి?" అన్నానొకసారి.

"పెండ్లిచూపుల్లో తప్పు చేస్తే నువ్వొక్కనివే ఏడుస్తావప్పా. ఈడ తప్పు చేస్తే అడిగేదానికి వాటికి నోరు ల్యా."

ఒక గురువారం, తాయిఫ్ కొండలకు షికారుకెళ్లే స్నేహితుల కారు కింద హారన్ కొడుతుంటే, మిగిలిన పళ్లన్నీ గబగబా లెక్కపెట్టేశాను. తర్వాతి రెండు వారాలూ చూడకుండానే అవే అంకెలు దింపాను.

నా పట్టిక చూసి మస్తాన్ భాయ్ తల పట్టుకున్నారు. "మూడుసార్లూ ఒకే అంకె! మనిషి కండ్లేనా నీయి?"

"జాగ్రత్తగానే చూశాను భాయ్."

"అట్నా? ఈ రెండు పండ్లూ ఒక్క డాల్ఫిన్‌వే. లెక్క సరిచూసేదానికి నేనే రెండు నంబర్లు ఏసినా. దీనికి ఆరేండ్లు, దానికి పదకొండేండ్లు ఎట్లొచ్చెనప్పా?"

పొరల మధ్య సన్నగీతలను కూడా ఏళ్లుగా లెక్కేసి, పిల్లలను పెద్దవాటిని చేశాను. ఆ నివేదిక వెళ్లుంటే వలల ఊసే ఎవరూ ఎత్తేవారు కాదు.

రెండేళ్లుగా ఊరు చూడని ఆయనకు, సెలవు మీద వెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా అప్పటికే వచ్చేసింది. అయినా టికెట్ రద్దు చేసుకుని పళ్లన్నీ మళ్లీ ముందేసుకున్నారు. "మేడమ్‌కి మీరే ఏదో ఒకటి చెప్పండి భాయ్," అని బతిమాలాను.

"నీ కండ్లకు బదులు నా కండ్లు ఇస్తా. నీ నోటికి బదులు నా నోరు ఇయ్యను. పో."

వెళ్లి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. కానీ లెక్కలు మళ్లీ తేలేసరికి నివేదిక గడువు దాటింది. ఆ వేటకాలమంతా వలలు నీళ్లలోనే ఉన్నాయి. ఇంకో డాల్ఫిన్ పిల్ల ఒడ్డుకొచ్చింది. దాని పన్ను మస్తాన్ భాయ్ నా ముందే పెట్టి వెళ్లిపోయారు. నాకు మూడు వారాల్లో ఐదు, నాలుగు, ఐదు వచ్చాయి. అలాగే రాశాను.

ఆయన కడపకు వెళ్లిపోయి చాలాకాలమైంది. ఇప్పటికీ మూడు లెక్కలూ కలిస్తే నాకు నా మీదే ఒళ్లు మండుతుంది. లేచి, ముఖం కడుక్కుని, నాలుగోసారి కూర్చుంటాను.