వెనక్కి తీసుకున్న ప్రార్థన

ప్రార్థనలన్నీ నాకు నోటికొచ్చు. జ్వరానికొకటి, ప్రయాణానికొకటి, పరీక్షలకొకటి, చావుకొకటి. గాజువాకలో ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను కాబట్టి గొంతు కూడా పెద్దదే. మా విచారణలో, అంటే మా గుడి కిందున్న కుటుంబాల్లో, ఎవరింట్లో కష్టం వచ్చినా నన్నే పిలుస్తారు. పిలవకపోతే నాకు కోపం వస్తుంది, అది వేరే సంగతి.

అందుకే ఈస్టరుకు ముందు తపస్కాలంలో ఐదు రోజుల సేవాయాత్ర ఉందని మా గుడి ఫాదర్ గారు ప్రకటించగానే మొదటి పేరు నాదే ఇచ్చాను. రుషికొండ దాటి ఇంకా పైకి వెళితే ఒక చేపల పల్లె. అందరూ హిందువులే. "మనం బోధించడానికి వెళ్లడం లేదు. ఇళ్లకు వెళ్లి కాసేపు కూర్చోండి. వాళ్లు చెప్పేది వినండి," అన్నారు ఫాదర్ గారు, నా వైపే చూస్తూ. నాకు ఒళ్లు మండింది.

రెండో రోజు మాతో వచ్చిన సిస్టర్ గారూ నేనూ ఒక ఇంటికి వెళ్లాం. ఆ ఇంటాయన వేటకు వెళ్లిన పడవ తిరగబడి ఇరవై రోజులైంది. తోటివాళ్లు ముగ్గురూ ఒడ్డుకు చేరారు, ఆయన రాలేదు. భార్య గుమ్మం ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. నుదుట బొట్టుంది, చేతుల నిండా గాజులున్నాయి. ఇచ్చిన లెక్క పూర్తిగా చదవకుండానే జవాబు వేసే పిల్లల్ని ఎన్నిసార్లు తిట్టానో! నేనూ అదే పని చేశాను. ఆవిడ చేతులు పట్టుకుని, కళ్లు మూసుకుని, చనిపోయినవారి ఆత్మశాంతికి మేం చెప్పుకునే ప్రార్థన మొదలుపెట్టాను. సిస్టర్ గారు నా మోచెయ్యి గిల్లారు. ఆగలేదు. ఆమెన్ దాకా చెప్పాను.

ఆవిడ చేతులు లాక్కుంది.

"మా ఇంటాయన సచ్చిపోనాడని మీకెవులు సెప్పినారమ్మా?"

కళ్లు తెరిచి సిస్టర్ గారి వైపు చూశాను.

"ఏటకెల్లినోడు ఇంకా రానేదు, అంతే. సూసినోళ్లు నేరు, దొరికినోడు కాడు. మీరొచ్చి కర్మ సేసీసినారేటి?"

సిస్టర్ గారు క్షమించమన్నారు, నేనూ అన్నాను. ఆవిడ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఆ సాయంత్రం అందరూ జపమాల చెబుతుంటే నేను పూసలు మాత్రం తిప్పాను. చచ్చేంత సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఎంతమంది చేతులు ఇలా పట్టుకున్నానో, వాళ్లకేం కావాలో ఒక్కరినైనా అడిగానా అని మొదటిసారి అనిపించింది.

మూడో రోజూ నాలుగో రోజూ వెళ్లి ఆ అరుగు మీద కూర్చున్నాను. తలుపు తియ్యలేదు. ఐదో రోజు మేం బస్సెక్కబోతుంటే ఆవిడే వచ్చింది.

"మీ దేవుడు మీ మాట ఇంటాడా అమ్మా?"

"వింటాడు," అన్నాను.

"అయితే ఆ మాట ఎనక్కి తీసుకోండి. నాను సెప్పీదాకా మల్లీ అనకండి."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆవిడ తీసుకోమంటోంది. అలాంటి ప్రార్థన మా పుస్తకాల్లో లేదు. అక్కడే ఇసుకలో మోకరించి, "ప్రభువా, తొందరపడి అనేశాను. ఆ మాట లెక్కలోకి తీసుకోకు. ఆయన్ని ఇంటికి చేర్చు," అన్నాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఆవిడ అడిగేదాకా ఆ ప్రార్థన అననని మాట కూడా ఇచ్చాను. అప్పుడు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక రెండు రోజులు నేను మాట్లాడకపోతే మా ఆయన కంగారు పడ్డాడు. "ఏటే, నోరు పడిపోనాదేటి? ఇల్లు సప్పుడు సెయ్యట్నేదు," అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాను గానీ ఏడుపొచ్చింది.

ఆవిడ భర్త చనిపోయాడనే నా మనసు చెబుతోంది. చనిపోయినవారు పాపాలు కడిగే ఉత్తరించు స్థలంలో మన ప్రార్థనల కోసం ఎదురుచూస్తారని మా విశ్వాసం. ఆ మనిషి కోసం ఈ ప్రార్థన చెప్పినదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో నోరు కట్టేసుకున్నాను. ఆయన అక్కడ బాధపడుతుంటే ఆ పాపం నాది కాదా? ఫాదర్ గారిని అడిగితే, "మనసులో అనుకోండి, ఆవిడకేం తెలుస్తుంది?" అన్నారు. ఆవిడకు తెలియదు, నిజమే. కానీ ఆవిడ వద్దన్నది నా గొంతును కాదు, ఆ ప్రార్థననే.

ఏడాదిన్నర దాటింది. సిస్టర్ గారు అప్పుడప్పుడూ ఆ పల్లెకు వెళ్లొస్తుంటారు. ఆవిడ ఇంకా బొట్టు పెట్టుకుంటోందట. నాకు కబురేమీ పంపలేదు.

మొన్న ఆత్మల పండుగకు సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించాం. మా అమ్మకూ నాన్నకూ అన్నయ్యకూ ఆత్మశాంతి ప్రార్థన చెప్పాను. చివర ఆ పల్లె మనిషి గుర్తొచ్చాడు. ఆ సమాధుల మధ్య నిలబడి, ఆయన క్షేమంగా ఇంటికి రావాలని వేడుకున్నాను.