స్వామి పంచెలో తెగిన పోగులు

నా చిన్నప్పుడు మా తాతయ్య శ్రీరంగాపూర్ రంగనాయకస్వామికి తన చేత్తో పంచె నేసిస్తానని మొక్కుకున్నాడు. గద్వాలలో మా ఇంటి ముందుగదిలోనే మగ్గం. ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఒంటిపూట తిని, దీక్షగా నేసేవాడు. పంచె పూర్తయ్యేదాకా మగ్గం మీద ఎవరూ చెయ్యి వేయొద్దని అందరికీ చెప్పాడు. నాకు మాత్రం రెండుసార్లు చెప్పాడు. ఎనిమిదేళ్ల మనవరాలి సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఒక మధ్యాహ్నం ఆయన బయటికి వెళ్లగానే మగ్గం గుంటలోకి దిగాను. అడ్డపోగును మోసుకెళ్లే నాడె విసిరితే పోగుల మధ్య ఎలా పరుగెడుతుందో చూడాలని ఒకటే ఆరాటం. మొదటిసారి చక్కగా పోయింది! ఆ సంబరంలో రెండోసారి గట్టిగా విసిరితే ఇరుక్కుంది. భయపడి గుంజేసరికి పోగులు పటపటా తెగాయి. ఎవరూ చూడకముందే గుంటలోంచి ఎక్కి పెరట్లోకి పారిపోయాను.

ఎలుక కొరికిందేమోనని నాయనమ్మ అంది. తన దీక్షలోనే ఏదో లోపం ఉండబట్టి ఇలా అయిందని తాతయ్య బాధపడి, ఆ ఒంటిపూట అన్నం కూడా మానేశాడు. రోజూ దేవుడి గదిలో దీపం పెట్టేది నేనే. కాలు నొప్పని చెప్పి అటువైపే పోలేదు. పటంలోని స్వామి నన్నే చూస్తాడని భయం.

రెండోరోజు సాయంత్రానికి తాతయ్య మొహం వాడిపోయింది. ఇక ఆగలేక, ఆయన ఒళ్లో తల పెట్టి నేనే తెంపానని చెప్పేశాను. ఆయన నా తల నిమిరి, స్వామికి చెప్పినవా అని అడిగాడు.

"స్వామి నన్ను రానిస్తడా తాతా?"

"నీ కోసమే చూస్తుండు బిడ్డా. రెండు దినాలాయె నువ్వు అటు దిక్కు పోక. జర పోయి చెప్పు. నేను ఈడనే ఉంట."

ఏడుస్తూ వెళ్లాను. అంతా చెప్పి, చెంపలు వేసుకుని, దీపం వెలిగించి బయటికి వచ్చేసరికి గుండె ఎంత తేలికైందో! తాతయ్య ఆ పూట అన్నం తిన్నాడు. మర్నాడు నన్ను మగ్గం దగ్గరే కూర్చోబెట్టుకున్నాడు. నేను పోగుల కొసలు పట్టుకుంటే ఆయన ఒక్కొక్కటే అతికాడు.

పంచె తీసుకుని బస్సెక్కిన రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. గుడి మెట్ల దగ్గర తాతయ్య ఆ మూటను నా నెత్తిన పెట్టాడు. తెంపిన నేనే మోసుకెళ్లి పూజారయ్య చేతికిచ్చాను. ఆ పంచెలో స్వామిని చూసి నేను గెంతుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఆ తర్వాత కూడా తప్పులు చేశాను, పెద్దవే చేశాను. కానీ తప్పు చేసినందుకు స్వామికి మొహం చాటేయడం మాత్రం ఆ రోజుతోనే మానుకున్నాను.