కోటమ్మత్త బండి

నిన్న బాపట్లలో మా ఆఫీసు పక్క షెడ్డులో ఎవరో పాత బండి ట్యాంకు విప్పి కిరసనాయిలుతో కడుగుతున్నారు. తుప్పూ కిరసనాయిలూ కలిసిన ఆ వాసన తగిలాక నాకు టిఫిన్ సహించలేదు. రేపల్లెలో మా పక్కింటి కోటమ్మత్త గుర్తొచ్చింది.

ఆవిడ భర్త, మాకు వరసకు మామయ్య, మోటారు సైకిలు మీద సముద్రపు చేపలు తీసుకెళ్ళి కొల్లూరు వీధుల్లో అమ్మేవాడు. ఒకరోజు గుండె ఆగి పోయాడు. ఆ వర్షాకాలమంతా బండి గోడవార తడిసింది. చేపల పెట్టెలోంచి కారిన ఉప్పునీరు అప్పటికే సగం తినేసింది, మిగిలింది వాన చూసుకుంది. ఆ ఏడే మా నాన్న కూడా పోయాడు. ఎవరైనా ఆయన ఊసెత్తుతారేమోనన్న భయంతో నేను గడప దాటడం మానేశాను. "ఊరికే కూచునే బదులు వచ్చి ఈ ట్యాంకు ఊపవే" అని అత్త గోడ మీంచి కేకేసింది. జాలి పడటం ఆవిడకు చేతకాదు.

ట్యాంకులో గుప్పెడు కంకర వేసి, కిరసనాయిలు పోసి, చెరోవైపు పట్టుకుని ఊపేవాళ్ళం. ఎర్రగా వచ్చేది, మళ్ళీ పోసేవాళ్ళం. కార్బొరేటర్ కన్నాలు సన్న తీగతో పొడిచాం. ఇంజను బిగుసుకుపోయింది. ప్లగ్గు తీసి ఆ కన్నంలో డీజిలు పోసి, అత్త రోజూ కిక్ రాడ్డు తొక్కి చూసేది. "కదల్దు వదినా, పాత ఇనుముకి ఏసెయ్" అనేవాడు మరిది. "నీ పని చూసుకోవయ్యా" అనేది. బండి నడపడం మామయ్య ఉండగానే నేర్చుకుంది. ఆయన వాడుక ఇళ్ళు తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు, అవి ఇంకొకరి పాలయ్యేలోగా బండి లేవాలి.

ఒక మధ్యాహ్నం ఇంజను కదిలింది. పెట్టె కింద తుప్పు తిన్న చోట మెకానిక్కు బాషా వెల్డింగ్ పెట్టి, ఆఖరున హారన్ నొక్కి చూశాడు. మామయ్య ఇంకెవరికీ లేని మోత ఏరి పెట్టించుకున్నాడు. అది విని ఆడవాళ్ళు గిన్నెలతో బయటికొచ్చేవాళ్ళు.

"ఇది తీసేసి కొత్తది పెట్టమంటావా అక్కా?"

"వద్దు తమ్ముడూ. దానికే గదా జనం వచ్చేది."

తొలిరోజు నా స్కూటీ మీద ఆవిడ వెనకాలే వెళ్ళాను. కొల్లూరులో హారన్ మోగగానే గిన్నెలు పట్టుకుని వచ్చేశారు, అందరి ముఖాల్లో నవ్వే. "అన్న ఏడమ్మా? మరీ నల్లపూసైపోయాడు!" అని ఒకావిడ వేళాకోళమాడింది. ఆయన పోయినట్టు ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదన్న సంగతి అప్పటిదాకా మా ఇద్దరికీ తట్టనేలేదు. "పోయాడమ్మా" అంది అత్త, తక్కెడ సర్దుకుంటూ. వీధి మలుపులో మళ్ళీ హారన్, మళ్ళీ గిన్నెలు, మళ్ళీ అదే ప్రశ్న. ప్రతి గుమ్మంలోనూ ఆయన చావు ఆవిడే చెప్పింది. విన్నవాళ్ళు గిన్నెలు కింద పెట్టి కళ్ళొత్తుకున్నారు.

చేపలన్నీ అమ్ముడయ్యాయి. తిరుగుదారిలో ఏడుపు ఆపుకోలేకపోయింది నేనే. "రేపే హారన్ మార్పించెయ్ అత్తా" అన్నాను.

ఆవిడ బండి ఆపింది. "ఎందుకే? మనింటికాడ నలుగురొచ్చి ఏడిచి పోయారు. ఇక్కడ ఊరంతా ఏడిచింది. చెప్పకపోతే ఏడిచేవాళ్ళా?"

రెండేళ్ళ కిందట అత్త కూడా పోయింది. ఆ వారమే నేను కొల్లూరు వెళ్ళి, ఆవిడ వాడుక ఇళ్ళ తలుపులు ఒక్కొక్కటీ తట్టి చెప్పాను. తెనాలి బస్సులో పాత పరిచయస్థులెవరైనా "నాన్నగారు బాగున్నారా అమ్మా?" అని అడిగితే ఇప్పుడు కిటికీ వైపు తిరగను. పక్కకు జరిగి, చోటిచ్చి, పోయాడని చెబుతాను. గుండె తేలికేమీ పడదు. నాన్న కోసం ఏడ్చేవాళ్ళు మాత్రం ఒకరు పెరుగుతారు.