ఆకివీడు చేరిన మేస్త్రి

దేవకుమారి కట్టిన గోడకు వంక పెట్టాలంటే పనిగట్టుకుని వెతకాలి. ఏళ్ల తరబడి ఎలీయాజరు మేస్త్రి దగ్గర సిమెంటు మాలు మోసి, ఆయన కళ్లెదుటే తాపీ పట్టింది. మోకాళ్లు అరిగి ఆయన కుర్చీకి అతుక్కున్నాక, ఆకివీడులో విశ్వాసం మాస్టారి ఇల్లు పునాది నుంచి పిట్టగోడ దాకా ఆవిడే లేపింది. అయినా ఇటుకల లారీవాడు దిగీ దిగగానే "మేస్త్రిగారు లేరామ్మా?" అని ఆవిడనే అడుగుతాడు. ఆ పిలుపు ఒక్కటీ దక్కలేదని దేవకుమారికి లోలోపల వెలితి. పైకి మాత్రం నవ్వేసేది.

విశ్వాసం మాస్టారు రిటైరైన ఇంగ్లీషు టీచరు. మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పనిదే ఆయనకు టీ దిగదు.

"మేస్త్రి అన్నది పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చిన మాటమ్మా. వాళ్లకి మెస్త్రె, ఇటలీలో మాయెస్త్రో, జర్మనీలో మైస్టర్. అన్నిటికీ తల్లి లాటిన్‌లో మగిస్తెర్. పెద్దవాడు, నేర్పేవాడు అని అర్థం. మమ్మల్ని పిలిచే మాస్టారన్న మాట కూడా ఆ తల్లి బిడ్డే."

"మరి ఆ దేశాల్లో ఆడమనిషినేవంటారండీ?"

"పోర్చుగల్‌లో మెస్త్ర, ఇటలీలో మాయెస్త్ర."

"ఆవిడ మన వైపు ఓడెక్కలేదేంటండీ?"

మాస్టారు గ్లాసు కింద పెట్టేశారు. ఆయన టీ చల్లారిపోవడం అదే మొదలు.

గృహ ప్రతిష్ఠ రోజు వచ్చింది. ప్రార్థన అయ్యాక, భోజనాలకు ముందు, మేస్త్రికి పంచెలచాపు, కండువా, కూలి ఆడవాళ్లకు చీరలు పెట్టడం ఆనవాయితీ. భోజనాల్లో మేస్త్రిది మొదటి బంతి, కూలీలది ఆఖరి బంతి. మాస్టారి భార్య సత్యవతి అలవాటుకొద్దీ అలాగే కొనేసింది. పంచెల పళ్లెం ఎత్తాక గాని మేస్త్రి ఎవరో గుర్తు రాలేదు, పాపం. అందరూ కుర్చీలో కూర్చున్న ఎలీయాజరు వైపు చూశారు.

"నాకు కాదండి అమ్మగారూ. కట్టింది అదండి," అన్నాడాయన.

సత్యవతి ముఖం చిన్నబోయింది. "ఏమీ అనుకోకమ్మా దేవకుమారీ. మంచి చీర తెప్పిస్తాను."

"వద్దండి. చీరలు ప్రతి ఇంట్లోనూ పెట్టారండి నాకు. మేస్త్రికి తెచ్చిందే ఇప్పించండి."

మాస్టారు లేచి, భార్య చేతిలోని పళ్లెం అందుకుని, రెండు చేతులా దేవకుమారి ముందుకు చాపారు.

"తీసుకోండి మేస్త్రిగారూ," అన్నారు.

దేవకుమారి కళ్లు తుడుచుకుంది. కండువా భుజాన వేసుకుని, వెళ్లి మొదటి బంతిలో కూర్చుంది.